మిర్యాలగూడ యిండ్లలోని కంప్యూటరు బల్లలు

మిర్యాలగూడ యనగానే మనకు స్ఫురించునది బియ్యము. నల్లగొండ జిల్లాలోని యీ పట్టణమును చుట్టుకొని నాగార్జునసాగరపు ఎడమకాలువ నీరు పాఱుచుండును. 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూగారు ఆ యానకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. అంతకుముందు జొన్నయు, ఆముదమును పండుచుండిన చెలకలు వరిమళ్లయినవి. వరి వెంట మిల్లులు వచ్చినవి. నేడు రైలు దిగి యూరిలోనికి పోవువారికి ముందుగా కనబడునవి మిల్లుల పొగగొట్టములు. ముందుగా ముక్కునకు సోకునది ఉడికిన వడ్ల వాసన. ఇట్టి యూరికి మేమిరువురము బల్లలు చూచుటకై పోవుచున్నామని చెప్పగా మా యిండ్లలో నవ్విరి. చదువరులును నవ్వవచ్చును. కాని చూచివచ్చిన పిమ్మట వ్రాయదగిన విషయమనియే మాకు తోచినది.

బల్లలనగా భోజనపు బల్లలు గావు. ఇంట కూర్చుండి కంప్యూటరుతో ఉద్యోగము చేయువారు తమకై అమర్చుకొను బల్లలు. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు హైదరాబాదు కంపెనీలలో పనిచేయు పిల్లలనేకులు పెట్టెలు సర్దుకొని తల్లిదండ్రుల యిండ్లకు చేరిరి. మొదట మంచముమీద బాసిపట్లు వేసికొని, ఒడిలో ల్యాప్‌టాపు పెట్టుకొని పనిచేసిరి. నెల తిరుగునప్పటికి నడుములు పట్టుకొన్నవి. అప్పుడు వడ్రంగిని పిలిచిరి. ఆ తరువాత అనేకులు మరల ఆఫీసులకు పోయిరి గాని, వారములో కొన్ని దినములు ఇంటనుండియే పనిచేయు పద్ధతి చాలచోట్ల నిలిచిపోయినది. బల్లలును నిలిచిపోయినవి. నిలుచుటయే కాదు, పెరిగినవి. సద్దుల బతుకమ్మనాడు మన యాడుబిడ్డలు తంగేడును గునుగును వరుసలుగా పేర్చి, ఎవరి బతుకమ్మ యెత్తుగా నున్నదో పోల్చిచూచుకొను చందమున, ఈ కుఱ్ఱవాండ్రు తమ బల్లలను అలంకరించి, ఫొటోలు తీసి, ఒకరికొకరు చూపుకొని, వాదించుకొనుచున్నారు. ఇది మిర్యాలగూడలో పుట్టిన వేడుక కాదు, ప్రపంచమంతట నున్నదే. అయినను వడ్ల యూరిలో అది యెట్టి రూపము దాల్చినదో చూడవలెనని మాకు కోరిక కలిగినది.

ప్రయాణమును గుఱించి చెప్పవలసినది కొంచెమే. సికిందరాబాదునుండి గుంటూరు దారిని పోవు రైలు బీబీనగరు, చిట్యాల, నల్లగొండల మీదుగా పోవును. రాతిగుట్టలు, ప్రత్తిచేలు, నల్లగొండకు పేరు తెచ్చిన బత్తాయితోటలు వరుసగా కనబడి, చివరకు వరి మొదలగును. వరి మొదలైనదన్న మిర్యాలగూడ సమీపించినదన్నమాట.

సాగరు రోడ్డు సమీపమున మాకు తెలిసినవారి యిల్లొకటి కలదు. ఆ యింటి రెండవ కుమారుడు హైదరాబాదులోని యొక కంపెనీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మేడమీది గది యతనిది. తలుపు తీయగానే మేము కొంచెము సేపు మాటలాడక నిలువబడితిమి. గదిలోని మంచము గోడకు నెట్టబడి చిన్నబోయినట్లుండెను. గోడ పొడవునను ఆరడుగుల బల్ల. పైపలక టేకు, కాళ్లు ఇనుపవి. ఆ కాళ్లను మిల్లు యంత్రములకు అతుకులు వేయు వెల్డింగు మేస్త్రీచేత చేయించినాడట. పలకమీద రెండు తెరలు. ఒకటి అడ్డముగా, ఒకటి తలుపువలె నిలువుగా. నిలువుతెర పొడుగు కాగితములు చదువుటకు వీలట. తెరల వెనుక గోడమీద ఊదారంగు కాంతి పడునట్లు ఎల్.ఇ.డి. దీపముల పట్టీ యతికించియున్నది. ఒక మూల చిన్న కుండీలో మనీప్లాంటు. కీబోర్డులు మూడు.

మాకు అన్నిటికంటె వింతయైనది తీగలు కనబడకపోవుట. అన్ని యంత్రములకును తీగలుండక తప్పదు గదా యని వంగి చూచితిమి. బల్లక్రింద పొడుగాటి రేకుతొట్టి బిగించి, అందులో తీగలన్నిటిని పాయలు తీసి జడ అల్లినట్లు కట్టియుంచినాడు. ఏ తీగ దేనిదో తెలియుటకు ఒక్కొక్కదానికి చీటీ. వంటింటి డబ్బాలమీద పేర్లు వ్రాసికొను ఇల్లాండ్రకు ఆ చీటీలు చూడగా ముచ్చట గలుగును. అతని తల్లి గుమ్మములో నిలువబడి, "ఇల్లు సర్దుమంటె సర్దడు. గీ బల్ల మాత్రం రోజుకు రెండుమార్లు తుడుస్తడు," అనెను. అతడు నవ్వి యూరకుండెను.

ఆ దినము ఆదివారము. సాయంకాలమునకు అతని స్నేహితులు వచ్చిరి. మొత్తము ఏడుగురు. ఒకడు కోదాడనుండి మోటారుసైకిలుమీద కీబోర్డును టిఫిను సంచిలో పెట్టుకొని వచ్చెను. ఇంకొకడు సూర్యాపేటవాడు, 2023 అక్టోబరులో అక్కడ ప్రారంభమైన ఐ.టి. హబ్బును గుఱించి విశేషముగా చెప్పెను. సూర్యాపేట, కోదాడ రెండును హైదరాబాదు–విజయవాడ పెద్దరోడ్డుమీద నున్నవి; మిర్యాలగూడ ఆ రోడ్డునకు దూరము. అందుచేత తాము నాగరికులమనియు, మిర్యాలగూడవారు మిల్లువాండ్రనియు ఆ యిద్దరును ఎగతాళి చేయుచుండిరి. మిర్యాలగూడవారు దీనికి ప్రత్యుత్తరముగా తమ బల్లల పొడవు చెప్పుచుండిరి.

వారి చర్చ వినుటకు బాగుండెను. కీబోర్డులో ప్రతి యక్షరము క్రిందను ఒక చిన్న మీట, దానికొక స్ప్రింగు నుండునట. నీలిరంగు మీటలు నొక్కినప్పుడెల్ల టక్కుమనును. గోధుమరంగువి చప్పుడు తక్కువగా చేసి, నొక్కు తగిలినట్లు వ్రేలికి మాత్రము తెలియజేయును. ఎఱ్ఱవి మెత్తగా దిగును. కోదాడ యువకుడు నీలిమీటల పక్షపాతి. ఆ చప్పుడు లేనిదే పని జరిగినట్లు తోచదట. కాని పురిటికి వచ్చిన అక్కగారి పసిబిడ్డ ఆ టకటకలకు రాత్రివేళ లేచి యేడ్చుటచేత, అతనిని కీబోర్డుతోసహా డాబామీది మెట్లగదికి పంపివేసిరట. అతడీ సంగతి వీరగాథవలె చెప్పెను. మేము అక్కగారి పక్షము.

తరువాత కిటికీని గుఱించి వాదము. తూర్పుముఖముగా కూర్చుండవలెనని పెద్దలందురు. తూర్పుగోడకు కిటికీ యున్నచో ఉదయపు టెండ తిన్నగా కండ్లలో పడును. కిటికీ వీపునకు వచ్చినచో వెలుతురు తెరమీద మెఱసి యక్షరములు కనబడవు. కిటికీ ప్రక్కగా, తెరకు అడ్డము తిరిగి యుండుటయే మేలని ఏడుగురిలో ఐదుగురు తీర్మానించిరి. అదియే యుక్తమని మాకును తోచినది. కుట్టుపని చేయువారందఱికిని వెలుతురు ప్రక్కనుండి రావలెనని తెలిసినదే. తెర పైయంచు కంటి యెత్తున నుండవలెననియు, కంటికిని తెరకును చేయిచాపు దూరముండవలెననియు, ఇరువది నిమిషములకొకమారు ఇరువది యడుగుల దూరమందున్న దేనినైన ఇరువది సెకండ్లు చూడవలెననియు వారు చెప్పిన మాటలు మన పిల్లల చదువులకును పనికివచ్చునవి గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

మిర్యాలగూడకు ప్రత్యేకమైన కష్టము దుమ్ము. ఉప్పుడు బియ్యపు మిల్లులలో వడ్లను ఉడికించుటకు ఊకనే కాల్చుదురు. ఆ బూడిదయు, తవుటి నలుసును గాలి తిరిగినప్పుడు మేడమీదికి వచ్చి కీబోర్డు సందులలో చేరును. దీనికి మందు తల్లుల పాత నూలుచీర. ఏడుగురిలో నలుగురు రాత్రివేళ బల్లమీద చీరముక్క కప్పుదురు. అలికిన యింటిలో ముగ్గు తొక్కక నడచినట్లు జాగ్రత్తగా ఆ ముక్క తీసి, చిన్న రంగుకుంచెతో దులిపెదరు. వేసవిలో నల్లగొండ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు ముట్టును. అప్పుడు మనుష్యులవలెనే యంత్రములును రొప్పును. లోపలి పంకాల చప్పుడు హెచ్చును. కరెంటు పోయి వచ్చునప్పుడు పెద్ద కంప్యూటరు ఆఱిపోకుండుటకు యు.పి.ఎస్. కావలెను. ఇంకొక సంగతి, పాత యిండ్లలో ఎర్తు తీగ సరిగా లేనిచో ఇనుపపెట్టెను తాకినప్పుడు చేయి జుమ్మనును. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు చూపించుకొనకుండ ఊదారంగు దీపములు పెట్టుకొనుట బొట్టులేని మొగమునకు నగలు పెట్టినట్లని మాలో నొకరు అనగా కుఱ్ఱవాండ్రు నవ్వి యొప్పుకొనిరి.

ఇంతలో ఫొటోలు చూపుట మొదలుపెట్టిరి. ఒక్కొక్కరు తమ బల్లను పది విధముల తీసియున్నారు. పగలు, రాత్రి, దీపములతో, దీపములు లేక. మేమన్నిటిని చూచి, మీ యిండ్లలో కంప్యూటరుతో పనిచేయు ఆడవారెందఱని యడిగితిమి. లెక్క పెట్టిరి. అక్కలు, చెల్లెండ్రు, వదినెలు కలిసి ఐదుగురు. వారి బల్లల ఫొటోలేవి యని యడిగితిమి. ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఆ యింటి కుఱ్ఱవాడే, "వదినెకు వేరే బల్లెందుకండీ, డైనింగు టేబులున్నది గదా," అనెను. అతడు చెడ్డవాడు కాడు. ఉన్నమాట అన్నాడు.

మేము క్రిందికి దిగితిమి.

ఆ యింటి పెద్దకోడలు ఫార్మసీ చదివినది. మెడికల్ కోడింగు అను పని చేయుచున్నది. మన వైపు చదువుకొన్న ఆడపిల్లలు చాలమంది ఈ పనిలో నున్నారు గనుక అదేమో కొంచెము చెప్పెదము. అమెరికాలో ఆసుపత్రికి పోయిన రోగికి ఏ జబ్బు, ఏ చికిత్స యను వివరములను డాక్టరు వ్రాయును. ఇన్సూరెన్సువారు డబ్బు చెల్లించుటకు ఆ జబ్బునకు ఒక సంకేతసంఖ్య కావలెను. అట్టి సంఖ్యలు సుమారు 70,000 కలవు. ఎడమ మోకాలికి ఒకటి, కుడి మోకాలికి ఇంకొకటి. మొదటిమారు చూపించుకొన్నచో ఒకటి, మరల వచ్చినచో వేఱొకటి. ఈమె రోగి కాగితములు చదివి తగిన సంఖ్య వేయవలెను. నూటికి 95 సరిగా నుండవలెనని నియమము. ఇది పప్పులో రాళ్లేరుటవంటి పని. కన్ను తప్పినచో పంటిక్రిందికి వచ్చును.

ఇట్టి పని ఆమె భోజనపు బల్లమీద చేయుచున్నది. తెల్లవాఱి టిఫిను అయిన పిమ్మట బల్ల తుడిచి ల్యాప్‌టాపు పెట్టును. మధ్యాహ్నము మామగారు భోజనమునకు వచ్చువేళకు తీయును. భోజనములైన తరువాత మరల పెట్టును. రాత్రి మరల తీయును. తీయుటయనగా ల్యాప్‌టాపు, దాని తీగ, మౌసు, సంఖ్యలు వ్రాసికొన్న నోటుపుస్తకము, చెవులకు పెట్టుకొను యంత్రము, నీళ్లసీసా, అన్నిటిని ఫ్రిజ్జుమీదికి చేర్చుట. మౌసుక్రింది గుడ్డమీద పసుపుమరక యున్నది. ఒక పర్యాయము పప్పుగిన్నె యంచుననే కంపెనీవారితో మాటలాడవలసివచ్చినదట. వీడియోలో మాటలాడునప్పుడు వెనుకనున్న గిన్నెల స్టాండు కనబడకుండ పోచంపల్లి దుప్పటి యొకటి తీగకు వ్రేలాడదీసినది. ఆ దుప్పటి మాత్రము, మేడమీది ఊదారంగు దీపములకంటె అందముగా నున్నదని మా యభిప్రాయము.

ఆమె ఎత్తు సరిగా ఐదడుగులు. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించుగా ఐదడుగులే. భోజనపు బల్ల యెత్తు 30 అంగుళములు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె పాదముల మడమలు నేలకు తగులవు. భుజములు చెవులవైపునకు లేచియుండును. తెర క్రింద నున్నందున మెడ వంగును. సాయంకాలమునకు మెడనుండి మోచేతివఱకు ఒక తీగ లాగినట్లుండునని ఆమె చెప్పెను. దానిని ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. వాన పడినదని చెప్పినట్లు చెప్పెను.

కేంద్ర ప్రభుత్వమువారు 2024లో కాలవినియోగమును గుఱించి దేశమంతట విచారించి లెక్కలు తీసిరి. జీతములేని యింటిపని చేయువారిలో ఆడవారు దినమునకు 289 నిమిషములు, మగవారు 88 నిమిషములు ఆ పనికి వెచ్చించుచున్నారట. ఈ లెక్క చదువరులకు ఆశ్చర్యము గొలుపదు. కాని బల్ల తీసి పెట్టుట, పెట్టి తీయుట అందులో ఏ పద్దు క్రింద వ్రాసిరో యడుగవలెనని మాకు తోచినది.

ఇంటనే పని యనునది ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. మేము వచ్చిన రైలు బీబీనగరుమీదుగా వచ్చినది. దానికి దాపుననే భూదాన్ పోచంపల్లి. పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016లో జిల్లాలు విభజింపబడినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. అక్కడ సాలెవారి యింట పెద్దగది మగ్గమునకే. మగ్గము ముందు మగవాడు కూర్చుండును. చూడవచ్చినవారందఱును మగ్గము నద్భుతమని చూతురు. నూలు చుట్టుటయు, కండెలు పట్టుటయు, ఆసు పోయుటయు వసారాలోనో, మూలనో ఆడవారు చేయుదురు. ఆసు పోయుట యెట్టిదనిన, అర్ధచంద్రాకారముగా మేకులు దిగగొట్టిన చట్రము ముందు కూర్చుండి, ఒక కొననుండి దారమును లాగి ఒక్కొక్క మేకు చుట్టును త్రిప్పి మరల వెనుకకు తేవలెను. చేయి బారజాపుట, ముడుచుట. ఒక్క చీరకు ఇట్లు సుమారు 9,000 పర్యాయములు. అద్దకమునకు ముందు ఇది జరిగితీరవలెను. ఇది లేనిదే పోచంపల్లి చీరమీద పువ్వు లేదు.

ఆలేరు దగ్గఱ శారాజీపేట గ్రామమువారైన చింతకింది మల్లేశముగారు, తల్లి లక్ష్మిగారు ఈ పనిచే భుజము నొప్పితో బాధపడుచుండుట చూచి, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు పోయు యంత్రమును నిర్మించిరి. దానికి తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరు. గంటల పని దానితో తగ్గినది. అంతకంటె ముఖ్యముగా చేయి బారజాపుట తప్పినది. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను. 2019లో వారి కథ చలనచిత్రముగా వచ్చినప్పుడు మన చదువరులలో పెక్కురు చూచియుందురు. మగ్గమునకు మెఱుగులు దిద్దువారెప్పుడును ఉండిరి. మూలనున్న చట్రము ముందు కూర్చున్నామె భుజమువైపు చూచినవాడు ఆమె కుమారుడు.

ఈ మాటలు భోజనపు బల్లచుట్టును కూర్చుండి మేము చెప్పుకొనుచుండగా మేడమీదివారందఱును మెట్లమీద చేరి వినుచుండిరి. ఆ యింటి కుఱ్ఱవాడు లేచిపోయి కొలతటేపు తెచ్చెను. ఇటువంటి విషయములలో అతనికి తెలియనిది లేదు. వదినెగారిని కుర్చీలో కూర్చుండబెట్టి, నేలనుండి మోచేతివఱకు కొలిచి, "24 అంగుళాలు! బల్ల 30 ఉన్నది. ఆరంగుళాలు పైకెత్తి చేస్తున్నవా వదినా ఇన్ని దినాలు?" అని తెల్లబోయెను. ఆమె, "నాకేం తెలుసు, అందరూ గిట్లనే కూసుంటరనుకున్న," అనెను.

ఇచ్చట మన సోదరీమణులకు ఉపయోగపడు కొన్ని మాటలు. అంగళ్లలో అమ్ము కంప్యూటరు బల్లలు సామాన్యముగా 29, 30 అంగుళముల యెత్తున నుండును. అవి పొడుగరులకొఱకు చేసినవి. ఐదడుగుల స్త్రీ చెప్పులు లేక యింట కూర్చుండి పనిచేయుటకు 24, 25 అంగుళములు చాలును. ఎత్తుబల్ల తప్పనిసరియైనచో కుర్చీమీద గట్టి దిండు వేసి తాము పైకి లేవవలెను. పాదములక్రింద వంటింటి పీట పెట్టుకొనవలెను. ముంజేతులు బల్లమీద తిన్నగా ఆనవలెను. ల్యాప్‌టాపునకు పుట్టుకతోడనే ఒక దోషము కలదు. తెరయు, కీబోర్డును ఒకదానికొకటి అతికియుండుటచే తెర కంటి యెత్తునకు తెచ్చినచో చేతులు పైకి లేచును. చేతులు దింపినచో మెడ వంగును. దీనికి విరుగుడు, ల్యాప్‌టాపును ఎత్తున పెట్టి వేఱొక కీబోర్డు వాడుట. విడిగా కొన్నచో అది పెద్ద ఖర్చు కాదు. అయినను ఆ యింట కొనవలసిన పని లేకపోయినది; మేడమీద మూడున్నవి. కుఱ్ఱవాడు గోధుమరంగు మీటలది తెచ్చి యిచ్చెను. నీలిది వలదని మేమే చెప్పితిమి.

ల్యాప్‌టాపు దేనిమీద నెత్తవలెనను ప్రశ్న వచ్చినప్పుడు అత్తగారు అటకమీది పెట్టెను దింపించెను. ఆమె మామగారు మిల్లులో గుమాస్తాగా నుండి, నేలమీద కూర్చుండి లెక్కలు వ్రాయుటకు వాడిన వాలుపెట్టె. చిట్టాపుస్తకము జాఱకుండుటకు దాని దిగువయంచున సన్నని పట్టీ కలదు. ల్యాప్‌టాపు దానిమీద చిట్టావలెనే నిలిచినది. లోపల ఇంకను సిరాబుడ్డి మరకయు, ఒక చెల్లని అణాయు నున్నవి. ఇప్పటివి ఎన్ని వేలు పోసినను ఆ చెక్కపనికి సరిగావని వచ్చినవారందఱును దానినే ఫొటో తీసిరి.

ఇక స్థలము మాట. కుఱ్ఱవాడు ఉదారముగా, వదినె తన గదిలోనే యొక ప్రక్క బల్ల వేసికొనవచ్చుననెను. ఆమె ఒప్పుకొనలేదు. మేడమీదికి పోయినచో పొయ్యిమీది కుక్కరు కూత వినబడదు. బడినుండి బిడ్డ వచ్చుట కనబడదు. మాలో నొకరు, అందుచేతనే మేడమీదికి పోవలెను, తలుపు వేసికొనవలెను, కుక్కరు సంగతి ఇతరులు చూతురు అని గట్టిగా చెప్పిరి. మఱియొకరు, చెప్పుట సులభమేగాని రేపటి కుక్కరు రేపే కూయును గదా యనిరి. ఈ విషయమున మాకిరువురకును నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఆ కోడలు మాత్రము తొణకక, "తలుపేసుకుంటె పదిసార్లు కొడ్తరు అక్కా. తెరిచుంటె ఒక్కసారి చూసి పోతరు. నాకు తలుపొద్దు. తియ్యకుండ ఉండే జాగ కావాలె," అనెను.

తీయనక్కఱలేని జాగా. హాలులో వీధికిటికీ ప్రక్క దివాను మంచమొకటి యున్నది. వచ్చినవారు కూర్చుండుటకు. అత్తగారు దానివైపు చాల సేపు చూచెను. చుట్టములు వచ్చినచో ఎక్కడ కూర్చుందురని తనలో తాననుకొన్నట్లు పైకే అనెను. పెద్దకుమారుడు, ఆమె భర్త, అంతవఱకు మాటలాడనివాడు, "చుట్టాలు నెలకొకసారి వస్తరు, ఆమె రోజు కూసుంటది," అనెను. దివానును వెనుకగదిలోనికి చేర్చుటకు ఏడుగురు కుఱ్ఱవాండ్రుండగా ఎంత సేపు? అది కదలింపగా క్రింద రెండేండ్ల క్రిందట పోయిన పిల్లవాని బంతి దొరికినది.

మఱునాడు ఉదయము మేము వాడపల్లికి పోయి మూసీ కృష్ణల సంగమము చూచి, స్నానములు చేసి, అగస్త్యేశ్వరుని దర్శించి మధ్యాహ్నమునకు తిరిగివచ్చితిమి. అప్పటికి వడ్రంగి వచ్చియున్నాడు. కుఱ్ఱవాడు పెండ్లిపత్రిక వెనుక బొమ్మ గీసి యతనికి చూపుచుండెను. బల్ల పొడవు 42 అంగుళములు, వెడల్పు 20. తెర వెనుక తీగలు పోవుటకు రంధ్రము. కుడిప్రక్క తాళముగల సొరుగు. గోడవైపున కిటికీ యెడమకు వచ్చునట్లు. మడిచి పెట్టు బల్లయైనచో చోటు కలిసివచ్చునని వడ్రంగి సలహా చెప్పెను. మడుచునది వలదని కోడలు చెప్పెను. అత్తగారు తన బీ.పీ. మాత్రల డబ్బా పెట్టుకొనుటకు సొరుగుపైన చిన్న గూడొకటి కావలెననెను. వేళకు గుర్తుచేయుటకు ఎవరైన అక్కడ కూర్చుండియుందురని ఆమె లెక్క. గూడు చేర్చిరి. వడ్రంగి కొలతలన్నియు పెన్సిలుతో వరుసగా వ్రాసికొని, ఎత్తు దగ్గఱ అలవాటు చొప్పున 30 అని వేసెను. కోడలు అతని చేతిలోని పెన్సిలు తీసికొని దానిని కొట్టివేసి 25 అని వ్రాసెను. వారము దినములలో తెచ్చెదనని చెప్పి అతడు వేయి రూపాయలు బయానా పుచ్చుకొని పోయెను.